లాంచీలో నీ సీటు

మా ఇంటి మేనేజరు గారికి,

రిసెప్షన్ క్లర్కు ఆశీస్సులతో రాయునది. నేనిక్కడ క్షేమం. పొద్దున్నే నర్సమ్మ నా నుదుటికి ఆ తుపాకీ లాంటి థర్మామీటరు గురిపెట్టి అదే మాట చెప్పింది కాబట్టి ఈసారి నువ్వు అనుమానించనక్కర్లేదు. అక్కడ నువ్వు, అమ్మాయి, అల్లుడు, ఇంకా పేరు పెట్టని మన పాప అందరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. పాప ముక్కు అచ్చం నాదే అని రాశావు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ముక్కుకి వంకలు పెట్టినదానివి, ఇప్పుడు అదే ముక్కు ముద్దొస్తోందన్నమాట. అమ్మాయి పంపిన ఫొటో మాత్రం నా ఫోన్‌కి సగమే వచ్చింది. నుదురూ కళ్ళూ దిగి, సరిగ్గా ముక్కు దగ్గర ఆగిపోయింది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అంటావు. సిగ్నల్ ఎలా ఉంటుందో నీకు తెలియంది కాదు. అదీగాక ఫోన్లో అయితే నేనొక మాట పూర్తిచేసేలోపు నువ్వు రెండు ప్రశ్నలు వేస్తావు. ఈసారి చెప్పాల్సింది మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టడం నా వల్ల కాదు. ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చే లాంచీ ఖాళీ సిలిండర్లతో తిరిగి వెళ్తూ ఉత్తరాలు కూడా పట్టుకెళ్తోంది. ఇది దాంట్లోనే వస్తుంది.

తిండి సంగతి అడిగావు. మధ్యాహ్నం ఆసుపత్రిలోనే పెడుతున్నారు. సాయంత్రం కుక్కర్ నేనే పెట్టుకుంటున్నాను. మొదట్లో అన్నం ఒకరోజు జావ, ఒకరోజు రాళ్ళు. ఇప్పుడు చెయ్యి తిరిగింది. నువ్వొచ్చాక ఈ విద్య మర్చిపోయినట్టు నటిస్తాను.

వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మన ప్లంబరు ఇప్పుడు ఆసుపత్రిలో ఆక్సిజన్ గొట్టాలు బిగిస్తున్నాడు. చేతిలో అంత పనున్న మనిషిని మన కుళాయి కోసం పిలవడానికి మొహం చెల్లలేదు. కింద గిన్నె పెట్టాను.

టూరిస్టుల్ని రానిస్తూ సొంత ఊరివాళ్ళని ఆపడమేమిటని అల్లుడు మండిపడుతున్నాడని రాశావు. అతను మండిపడటంలో తప్పులేదు. ఈ జబ్బొచ్చి హోటళ్ళు మూతపడ్డ దగ్గర్నుంచీ మన దీవిలో ఎవరికీ పనిలేదు. అందుకని పరీక్ష చేయించుకుని, వారం పాటు గది దాటకుండా ఉంటామన్న టూరిస్టులకి తలుపు తీశారు. వాళ్ళకి మా హోటల్లో ఎవరి గది వాళ్ళకి, ఎవరి బాత్రూము వాళ్ళకి. ఊరివాళ్ళు తిరిగొస్తే ఉంచేది బడి హాల్లో. ఆ హాలు పట్టినంతమందినే లాంచీ ఎక్కిస్తున్నారు, అందుకే ఈ లిస్టు, ఈ వంతులు. రూలు సోమవారం ఒకటి, గురువారం ఇంకొకటి. రేవు ఆఫీసు గోడ మీద కాగితం మీద కాగితం అంటించి అంటించి ఇప్పుడు గోడ కనిపించడం లేదు.

నేను హోటల్లో లేను, తెలుసు కదా. ఆసుపత్రిలో మనుషులు చాలడం లేదని, "మాట్లాడటం వచ్చినవాళ్ళు" కావాలని అడిగితే మా మేనేజరు నన్ను పంపించేశాడు. ఇన్నేళ్ళు నవ్వి బతికినవాణ్ణి, ఆ నవ్వంతా ఇప్పుడు మాస్కు కింద వృథాగా పోతోంది. ఆసుపత్రి నువ్వు చూసిందే. మెట్ల మీద జారిపడ్డ టూరిస్టులకి కుట్లు వెయ్యడానికీ, మన దగ్గు జ్వరాలకీ సరిపోయేంత కట్టారు. ఇప్పుడు ఊరంతా అక్కడికే వస్తోంది. ఉన్నది ఒక్క డాక్టరమ్మ, మన అమ్మాయి ఈడుది. ఆ పిల్ల కూర్చుని తినడం నేనింతవరకూ చూడలేదు.

పని మాత్రం పాత పనే. వచ్చినవాళ్ళ పేరు రాసుకోవడం, ఎటు వెళ్ళాలో చూపించడం, మంచం ఉందో లేదో చెప్పడం. పని మారలేదు కాబట్టి నోరూ మారలేదు, అక్కడే వచ్చింది చిక్కు. మొదటి వారంలోనే, జ్వరం తగ్గి ఇంటికెళ్తున్న ఒక పెద్దావిడకి అలవాటు కొద్దీ, "చాలా సంతోషమండి, మళ్ళీ రండి" అన్నాను. ఆవిడ మందుల సంచీ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. "మళ్ళీ రావడమేంటయ్యా, ఇదేం నోరు?" అని వీధిలోకి వినపడేలా దులిపేసింది. లోపల డాక్టరమ్మ నవ్వింది. ఆ తర్వాత కూడా ఆ మాట నన్ను వదల్లేదు, రోజుకి ఒకరికైనా అంటూనే ఉన్నాను. ఒక టూరిస్టు జ్వరంతో వచ్చి, కిటికీ పక్క మంచం కావాలి, సముద్రం కనిపించాలి అన్నాడు. "తప్పకుండా సార్" అనేశాను. ఆ కిటికీలోంచి కనిపించేది జనరేటరు షెడ్డు.

ఇంకోసారి కూడా నోరు జారింది, అది నవ్వుకునేది కాదు. ఒకతను వాళ్ళ నాన్నని తోపుడు బండి మీద పడుకోబెట్టి తీసుకొచ్చాడు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. సీజన్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేని మాటే, అదే గొంతుతో చెప్పాను. "క్షమించాలండి, ఇవాళ ఖాళీలు లేవు. పక్కదాంట్లో ఒకసారి కనుక్కోండి." అతను కోప్పడలేదు. నిజంగానే తల తిప్పి వీధి వైపు చూసి, "పక్కది ఎక్కడుందండీ?" అని అడిగాడు.

పక్కది లాంచీ దిగి బస్సెక్కితే ఉంది. డాక్టరమ్మ వరండాలో రెండు బెంచీలు కలిపించి పెద్దాయన్ని వాటి మీద పడుకోబెట్టింది. మిగిలిన సిలిండరు ఆయనకే పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు. చెయ్యగలిగింది చేశామని డాక్టరమ్మ నాతో అంది గానీ, అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుంటుంటే బీరువాలో నీ పాత ఇన్‌హేలర్ కంటపడింది. కిందటి వానాకాలం నీకు ఆయాసం ఎక్కువైతే ఆ వరండాకే తీసుకెళ్ళాను. ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. గంటలో లేచి, కుర్చీలకి దుమ్ము దులపరా అని నర్సుతో గొడవేసుకున్నావు. అది గుర్తొచ్చి ఇన్‌హేలర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నా పేరు ఎందుకు రావట్లేదు? నా తర్వాత రాయించుకున్న టైలరు గారావిడ అప్పుడే ఇల్లు చేరి కులాసాగా కూర్చుంది. మీరు రేవు ఆఫీసుకెళ్ళి గట్టిగా అడగరేం? అందరితో మెత్తగా మాట్లాడీ మాట్లాడీ గట్టిగా మాట్లాడటమే మర్చిపోయారు" అని రాశావు. ఫోన్లో నువ్విది అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలాను.

నీ పేరు వచ్చింది. టైలరు గారావిడ కంటే ముందే వచ్చింది. పెద్దాయన పోయిన మర్నాడు రేవు క్లర్కు ఆసుపత్రి ఫోన్‌కి చేసి, "మీ ఆవిడకి వచ్చే లాంచీలో సీటుంది, ఖాయం చెయ్యమంటారా?" అని అడిగాడు. దరఖాస్తులో నా నంబరే ఇచ్చాం కదా. నేను వద్దన్నాను. బాలింత దగ్గర ఉండాలి, ఇప్పుడే రావడానికి కుదరదు అని అబద్ధం కూడా చేర్చాను. నిన్ను ఒక్కమాట అడగలేదు. అడిగితే వస్తానంటావని తెలుసు, అందుకే అడగలేదు.

నేను రోజూ ఆసుపత్రి నుంచి నేరుగా మన ఇంటికే వెళ్తాను. ఏం మోసుకెళ్తున్నానో నాకే తెలియదు. నీకు ఊపిరి అందకపోతే తీసుకురావాల్సింది ఈ కౌంటరుకే. మంచం లేదని చెప్పాల్సింది నేనే. ఆ మాట నీతో ఏ గొంతుతో చెప్పాలో తెలియలేదు. నాకు చాలా భయమేసింది.

ఇక్కడితో అయిపోతే రెండు రోజులు అలిగి మూడో రోజు క్షమించేదానివే. ఇంకా ఉంది.

నువ్వు ఎక్కని సీటు టైలరు గారావిడకి వెళ్ళింది. ఆ విషయం తెలిసిన సాయంత్రం టైలరు పరుగులాంటి నడకతో నా కౌంటరు దగ్గరికొచ్చాడు. "ఎవరో మహానుభావులు సీటు వదులుకున్నారటండీ, మా ఆవిడ వచ్చేస్తోంది" అని, ఆ సంతోషంలో తను కుట్టిన మాస్కులు రెండు నా చేతిలో పెట్టాడు. జాకెట్ల లైనింగు గుడ్డవి. మింగలేక కక్కలేక తీసుకున్నాను. మర్నాడు అందులో ఒకటి పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను కూడా.

ఆవిడ బడి హాల్లో దిగింది. అంతమందికీ ఒకే హాలు, ఒకే కుళాయి. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది. స్ట్రెచరు మీద నా ఎదురుగానే తెచ్చి పెట్టారు. ఆ పొద్దున్నే ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో అడగకు. ఆవిడ పేరు నేనే రాసుకున్నాను. నీకు తప్పించింది తీసుకెళ్ళి ఆవిడకి తగిలించానని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. టైలరుని లోపలికి రానివ్వరు కాబట్టి రోజూ గేటు బయట నిలబడి, "మీరు లోపల ఉన్నారు, అదే నాకు ధైర్యం" అంటాడు. నేను తలూపి లోపలికొచ్చేస్తాను.

నిన్న ఆవిడ లేచి కూర్చుంది. ముక్కుకి గొట్టం ఇంకా ఉంది గానీ గండం గడిచినట్టేనంది డాక్టరమ్మ. కాగితం మీద సంతకానికి వెళ్తే ఆవిడ నా మాస్కు చూసి, "ఆయన చెయ్యే. అంచు వంకరపోయింది" అంది. ఇక దాచలేకపోయాను. మంచం పక్కన నిలబడి అంతా చెప్పేశాను. ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"మీ ఆవిడకి చెప్పారా?"

"లేదండి."

"ముందు ఆవిడకి రాయండి. నా సంగతి తర్వాత చూసుకుందురు గాని."

"మీకు కోపం రాలేదా?"

"కోపానికీ ఊపిరి కావాలి కదండీ. ఇంటికెళ్ళాక వస్తుంది."

నేను తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "నా మాటగా కూడా ఒకటి రాయండి. సీటు బాగానే ఉంది, కిటికీ పక్కన. ఊరే ఇంకా బాగాలేదు."

ఆవిడ అన్నది అన్నట్టే రాశాను. సాయంత్రం టైలరుకి కూడా చెప్పాను. ఇవాళ పొద్దున్న గేటు దగ్గరికి వచ్చాడు గానీ నాతో మాట్లాడలేదు, ఆవిడ సంగతి నర్సమ్మని అడిగి తెలుసుకున్నాడు. నాకు అలా జరగాల్సిందే.

ఆ తర్వాత రేవు ఆఫీసుకెళ్ళాను. నువ్వు నమ్మవు, గట్టిగానే మాట్లాడాను. నీ దరఖాస్తు మీద నా నంబరు కొట్టేయించి నీది రాయించాను. ఈసారి నీ వంతు వచ్చినప్పుడు క్లర్కు నీకే ఫోన్ చేస్తాడు. అతను అడిగేలోపు తెలియాల్సినవి రాస్తున్నాను. వరండాలో బెంచీలు ఇంకా కలిపే ఉన్నాయి. సిలిండర్లు వస్తున్నాయి, ఒక్కోరోజు చాలడం లేదు. బడి హాలుకి మధ్యలో అడ్డుతెరలు కడుతున్నారు, కుళాయి మాత్రం ఒక్కటే. నువ్వొస్తే నేను హోటల్లో దుప్పట్లు పెట్టే గదిలో పడుకుంటాను, మేనేజరు సరేనన్నాడు. నువ్వు మన గుమ్మంలో, నేను వీధిలో నిలబడి మాట్లాడుకోవచ్చు. కొత్త ఇన్‌హేలర్ అక్కడే కొని తెచ్చుకో, ఇక్కడ దొరకడం లేదు. రాకపోతే పాపని ఎత్తుకుని హాయిగా ఉండు, కుళాయి కింద గిన్నె నేను పారబోస్తూ ఉంటాను.

కోప్పడితే పడు. ఉత్తరంలో తిట్టు, దాచుకుని చదువుకుంటాను. నిన్ను చూడాలని ఎంతగా ఉందో కుక్కర్ ముందు కూర్చున్నప్పుడు తెలుస్తోంది. పొద్దస్తమానం ఎవరెవరికో పొరపాటున "మళ్ళీ రండి" అంటూనే ఉన్నాను, అనాల్సిన మనిషి వంతు వచ్చినప్పుడు వద్దన్నాను. ఇంకోసారి నీ బదులు నేను చెప్పను. ఫోన్ మోగితే నువ్వే ఎత్తు.

ఇట్లు,
పాపకి ముక్కిచ్చిన తాతయ్య