ముందే రాసిన పన్నెండు ఉత్తరాలు

ఏప్రిల్ 22

గాలినీ వాననీ కొలిచే శ్రీవారికి,

మీ పిడుగుకి వేసవి క్యాంపులో సీటు వచ్చింది. మీ కొండ కింద, చెరువు పక్కన, డేరాల్లో పన్నెండు రోజులు. పడవ నడపడం, తాడెక్కడం, మట్టితో బొమ్మలు చేయడం అన్నీ నేర్పుతారట. వెంట తేవలసిన సామాను పట్టికే రెండు పేజీలుంది. సాక్సులతో సహా ప్రతి బట్ట మీదా పిల్ల నంబరు కుట్టి పంపాలట. మనదానికి 37 ఇచ్చారు. దర్జీని పెళ్లాడినందుకు ఇప్పుడైనా మురిసిపోండి.

చిక్కల్లా పెద్దాయనతోనే. పద్నాలుగేళ్ల ముసలి కుక్కని వదిలి ఇది కదలనంటోంది. "నేను లేకపోతే ఆయన ముద్ద ముట్టడమ్మా. నువ్వేమో మిషను మీంచి లేవవు" అంది. చివరికి ఒక బేరానికి దిగింది. రోజూ పెద్దాయన కబుర్లతో ఒక ఉత్తరం అందాలి, అలా అయితేనే వెళుతుందట. క్యాంపుకి టపా చేరడానికే మూడు రోజులు పడుతుంది. నేనేం చేయను?

ఇంకో సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. బడులు తెరిచేలోగా రెండొందల నలభై యూనిఫారాలు కుట్టివ్వాలి. ఈ వారంలో దాన్ని మూడుసార్లు కసిరాను. ఒకసారైతే కత్తెర బల్ల మీద విసిరికొట్టాను. క్యాంపు దాని మంచికేనని అందరితో అంటున్నాను కానీ, అది వెళితే నా పని తెములుతుందనే ఆశే ముందు పుట్టింది. తల్లికి ఉండాల్సిన బుద్ధేనా ఇది?

మీ సలహా కోసం చూస్తూ,
మీ దర్జీ


ఏప్రిల్ 26

ప్రియమైన దర్జీ గారికి,

రేపటి వాన ఇవాళే చెప్పేవాడి పెళ్లానివి, రేపటి ఉత్తరం ఇవాళే రాయలేవా?

దారి మూసుకుపోయే నెలల కోసం నేనేం చేసేవాణ్ణో మరిచావా? కొండెక్కే ముందే ఎనిమిది ఉత్తరాలు రాసి నీ చేతిలో పెట్టేవాణ్ణి. నువ్వు ఆదివారానికొకటి దానికి చదివి వినిపించేదానివి. "ఇవాళ గాలి నా టోపీ ఎగరేసుకుపోయింది" అని నేను మన వంటింట్లో ఫ్యాను కింద కూర్చుని రాసిందే. పిల్ల ఎంత నవ్విందో నువ్వే చెప్పావు.

నువ్వూ పన్నెండు రాసి, కవర్ల మీద రోజు అంకె వేసి, క్యాంపు టీచరు చేతికివ్వు. ముసలాయన తింటాడు, పడుకుంటాడు, గేటు దగ్గర మొరుగుతాడు. ఆయన దినచర్య చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఇక నీ బుద్ధి సంగతి. అలసిపోయినవాళ్లకి కోపం వస్తుంది, అంతే. నేను కొండ మీద కూర్చుని ఇక్కడ చల్లగా ఉందని రాస్తుంటాను. ఇంట్లో ఉండి కసురుకునే పని కూడా నీ ఒక్కదాని మీదే పడింది. ఆ తప్పులో సగం నాది.

నీ,
గాలి మనిషి


మే 11

ఏమండీ,

పెద్దాయన కనబడటం లేదు.

మొదటినుంచీ చెబుతాను. మీరన్నట్టే పన్నెండు ఉత్తరాలు రాశాను. రోజూ పిల్ల పక్కగదిలో కూర్చుని ఏదో గీసుకుంటుంటే, నేను మిషను బల్ల మీద కూర్చుని రాశాను. నాకూ సరదా పుట్టింది. రెండో రోజు పెద్దాయన చేత వెనక మెట్లన్నీ టకటకా ఎక్కించి, దాని గది ముందు కూర్చోబెట్టాను. ఆరో రోజు పక్కింటి పిల్లి మీద గెలిపించాను. పన్నెండో ఉత్తరంలో ఆయన పొద్దున్నించీ గేటు దగ్గరే నిలబడి దాని కోసం చూస్తుంటాడు.

నిన్న పొద్దున బస్సుకి ఆలస్యమైంది. నా ఒక చేతిలో దాని పెట్టె, ఇంకో చేతిలో పరుపుచుట్ట. గేటుని కాలి మడమతో వెనక్కి నెట్టాను. గడియ పడిందో లేదో తిరిగి చూడలేదు. బస్టాండులో టీచరుకి కవర్ల కట్ట ఇచ్చాను. అది కిటికీలోంచి "పెద్దాయన జాగ్రత్తమ్మా!" అని అరిచింది. "నాకు తెలుసులేవే" అన్నాను.

అక్కణ్ణించి నేరుగా బజారులో నా కుట్టుకొట్టుకి వెళ్లాను. ఇంటికెళ్లి ఒకసారి చూసి రావచ్చు కదా? వెళ్లలేదు. పిల్ల లేదు కదా అని సాయంత్రం ఏడింటిదాకా హాయిగా కుట్టుకున్నాను. పాట కూడా పాడుకున్నానండీ. ఇంటికొస్తే గేటు బార్లా తెరిచి ఉంది, ఆయన గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది.

రెండు వీధులూ, సందులూ, మార్కెట్టూ తిరిగాను. ఆ పన్నెండు ఉత్తరాల్లో మాత్రం ఆయన పన్నెండు రోజులూ క్షేమంగా ఉంటాడు. టీచరుకి కబురు పెట్టి వాటిని ఆపించనా? ఆపితే దానికి తెలిసిపోతుంది, ఆపకపోతే రోజుకో అబద్ధం చదువుకుంటుంది. మీ వైర్‌లెస్‌లో వాన అంకెలు తప్ప ఇంకేం మాట్లాడనివ్వరు కాబట్టి ఇలా రాస్తున్నాను. తొందరగా జవాబివ్వండి. దానికి మాత్రం చెప్పకండి.

మీ,
దర్జీ


మే 14

ప్రియమైన నీకు,

ముందు ఆ ఏడుపు ఆపి, కాస్త తిను. నువ్వు తినలేదని నాకు తెలుసు.

గేటు మరవడం ఎవరికైనా జరుగుతుంది. ఉత్తరాలు ముందే రాయమన్నది నేను, కాబట్టి ఇందులో పెద్ద ముద్దాయిని నేనే. వాటిని ఇప్పుడే ఆపించకు. వెతుకుతూ ఉండు. బస్టాండు వైపు చూశావా?

ఒక మాట అడుగుతాను, ఎందుకని అడగొద్దు. పెద్దాయన వెనక మెట్లు ఎక్కగలడా?

ఇక్కడ మూడు రోజులుగా వాన. నాతో పనిచేసే కుర్రవాడు సెలవులో ఉన్నాడు. మూడు గంటలకోసారి అంకెలు పంపాలి కాబట్టి కొండ దిగే వీలు లేదు. దిగితే గంట దారిలోనే పిల్ల క్యాంపు. ఆ మాట నన్ను నిలవనీయడం లేదు.

నీ,
గాలి మనిషి


మే 16

ఏమండీ,

దొరికాడు. ఇలా దొరక్కపోయినా బాగుండేది.

మీ ఉత్తరం ఈసారి రెండు రోజుల్లోనే అందింది. మీరు రాసినట్టే బస్టాండుకి వెళ్లాను. అక్కడ బూట్లు కుట్టే ముసలాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఆ తెల్ల మూతి కుక్క మీదేనామ్మా? బస్సు వెళ్లిన పూటే వచ్చింది. ఐదు రోజులు ఆ గోడ పక్కనే పడుకుంది. వచ్చిన ప్రతి బస్సుకీ తలెత్తి చూసేది. నీళ్లు పెడితే తాగింది, తిండి మాత్రం ముట్టలేదు. నిన్న పొద్దున చూస్తే ఇక లేవలేదమ్మా" అన్నాడు. తన గోనెపట్టా కప్పి ఉంచాడు. ఇద్దరం రిక్షాలో ఇంటికి తెచ్చి పెరట్లో పూడ్చాం. నేను మార్కెట్టు దాకా వెతికి ఊరుకున్నాను. ఆ వయసులో ఆయన అంత దూరం నడిచి వెళతాడని అనుకోలేదు.

మెట్ల సంగతి అడిగారు. ఎందుకెక్కడు? రోజూ దాని గదిలోనే కదా ఆయన పడక. నేను కింద కుట్టుకుంటుంటే పైన ఆయన గోళ్ల చప్పుడు వినబడుతూనే ఉంటుంది.

ఇంకా పెద్ద శిక్ష ఏమిటంటే, దాని ఉత్తరాలు రోజూ వస్తున్నాయి. క్యాంపులో భోజనాలయ్యాక అందరూ ఇంటికి రాయాల్సిందేనట. "అమ్మా, ఇవాళ ఎండ బాగుంది, పడవ నేనే నడిపాను." "అమ్మా, నాకు ముగ్గురు స్నేహితులు." "అమ్మా, అసలు బెంగే లేదు." అంత సంతోషంగా ఉన్న పిల్లకి వచ్చాక ఈ మాట ఎలా చెప్పను? అన్నట్టు, మీరేమో అక్కడ మూడు రోజుల వాన అంటారు, అదేమో ఎండలో పడవ అంటుంది. మీ లెక్కలు ఎప్పుడూ ఇంతే.

మీ,
దర్జీ


మే 19

ప్రియమైన నీకు,

కొండ మీదికి సరుకులు తెచ్చే జీపు డ్రైవరు ఈసారి నేరుగా మన ఊరే వస్తున్నాడు కాబట్టి ఇది అతని చేతికే ఇస్తున్నాను. కూర్చుని చదువు.

నా లెక్క తప్పలేదు. ఇక్కడ వానే పడింది. పడవలు ఒడ్డు దాటలేదు.

పిల్ల నీకు పంపుతున్న ఉత్తరాలు క్యాంపులో రాసినవి కావు. నువ్వు మిషను దగ్గర రాస్తుంటే అది పక్కగదిలో గీసుకుంటోంది అన్నావు చూడు, గీసుకోలేదు. నిన్ను చూసి అదీ పన్నెండు రాసిపెట్టుకుంది. రోజూ ఒకటి టీచరుకిచ్చి, ఉత్తరాలు రాసే ఆ గంటలో అసలు ఉత్తరం నాకు రాస్తోంది. జీపు క్యాంపు మీదుగానే వస్తుంది కాబట్టి అవి నాకు త్వరగా అందుతున్నాయి. "అమ్మకి చెప్పొద్దు" అని ప్రతిదాని అడుగునా గీత గీసి మరీ రాసింది. నువ్వేమో దానికి చెప్పొద్దన్నావు. ఇన్నాళ్లూ అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మొదటి నాలుగు రోజులూ అది ఏడ్చింది, సరిగా తినలేదు. ఏడుపొచ్చినప్పుడు జేబు మీద నువ్వు కుట్టిన 37ని వేలితో తడుముకుంటుందట. నీ రెండో రోజు ఉత్తరం చదివి నాకేం రాసిందో దాని మాటల్లోనే విను. "నాన్నా, పెద్దాయన మెట్లెక్కాడని అమ్మ రాసింది. ఏడాది నుంచీ ఆయన మెట్లెక్కలేడు. రోజూ నేనే ఎత్తుకుని తీసుకెళతాను. అమ్మ ఈ ఉత్తరాలు ముందే రాయడం నేను చూశాను. మరి ఆయన నిజంగా ఎలా ఉన్నాడు?"

నేను అబద్ధం రాయలేకపోయాను. గేటు తెరిచి ఉండిపోయిందని, ఆయన తప్పిపోయాడని, ఇంటికి పంపించమని టీచరుని అడగనా అని రాశాను. జవాబు ఇది: "వద్దు నాన్నా. అమ్మ యూనిఫారాలు అవ్వలేదు. గేటు వెయ్యనందుకు అమ్మని ఏమీ అనకు. అమ్మ రెండు చేతుల్లోనూ నా సామానే ఉంది."

మనిద్దరం కలిసి ఆ పిల్లకి నేర్పింది ఇదన్నమాట. ఎదుటివాళ్లు బాధపడకూడదంటే ముందే రాసిపెట్టాలని. నేర్పింది నేనే. ఎనిమిదేసి ఉత్తరాలు రాసిచ్చి, బాధ్యత తీరిందనుకుని కొండెక్కినవాణ్ణి నేనే.

పెద్దాయన ఇక లేడని మాత్రం దానికింకా తెలియదు. ఆ మాట కాగితం మీద వెళ్లకూడదు. నువ్వే ఎదురుగా చెప్పాలి.

నీ,
గాలి మనిషి


మే 22

ఏమండీ,

నిన్న ఒంటిగంటకల్లా కొట్టు మూసేశాను. యూనిఫారాలు ముప్పై ఇంకా మిగిలే ఉన్నాయి. ఉండనివ్వండి.

బస్సు దిగింది. నల్లబడింది, చిక్కింది. జేబు మీద 37లో ఏడు సగం ఊడిపోయింది. నా చేతిలో ఒక కవరు పెట్టింది. నేను రాసిన పన్నెండోది, విప్పలేదు. "ఇది చదవబుద్ధి కాలేదమ్మా. ఇందులో ఏముందో నువ్వే చెప్పు" అంది.

"నువ్వొస్తావని పెద్దాయన గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడని రాశాను" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. గేటు చెప్పాను, గిన్నె చెప్పాను, ఏడింటిదాకా పాడుకుంటూ కుట్టుకున్న సంగతీ చెప్పాను. ఆ గోడ చూపించాను. అది వెళ్లి గోడ పక్కన కూర్చుంది. బూట్లాయన తన పని ఆపి తల దించుకున్నాడు.

"మెట్లెక్కలేనివాడు ఇంత దూరం ఎలా వచ్చాడమ్మా?" అంది. నాకు తెలియదన్నాను. "నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాను. "వచ్చింది" అంది. నిజమే చెప్పింది. ఇన్ని రోజుల్లో అది నాకు చెప్పిన మొదటి నిజం అదే, దానికి నేను చెప్పిన మొదటి నిజమూ అప్పుడే.

ఇంటికొచ్చి, పెరట్లో చాలాసేపు కూర్చుని, వెనక మెట్ల దగ్గరికొచ్చింది. మొదటి మెట్టు ముందు ఆగి, అలవాటు ప్రకారం చేతులు చాచి వంగింది. అలా వంగే ఉండిపోయింది. ఏడాదిగా రోజూ అక్కడ వంగుతోందండీ, నేను ఒక్కసారీ చూడలేదు. గోళ్ల చప్పుడు విన్నాను కానీ, ఆయన్ని పైకి చేర్చిందెవరో తలెత్తి చూడలేదు.

నేను దాన్ని ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల, కాళ్లు నా మోకాళ్ల దాకా వేలాడాయి. "దింపమ్మా, బరువు" అంది. దింపలేదు. పద్దెనిమిది మెట్లు. ఎనిమిదో మెట్టు మీద అది నా మెడ పట్టుకుని గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. నేనూ ఆపుకోలేదు.

వచ్చే నెల ఇంటికొచ్చి మళ్లీ కొండెక్కే ముందు మీరు దానికి ఉత్తరాలేవీ రాసివ్వకండి. దారి మూసుకుపోయి ఉత్తరం రాని వారం ఖాళీగానే ఉండనివ్వండి. అదీ అలాగే అంటోంది.

ఇది ఇవాళే రాశాను. అది నా పక్కనే కూర్చుని చదువుతోంది. ఇక్కడ కూడా వాన పడుతోంది.

మీ,
దర్జీ, పిడుగు