కమాన్ పట్టీల సప్పుడు

ఈరన్నా,

అమ్మను తీసుకొని బస్సుల తిమ్మాజిపేట పోతున్న. కారు తాళం గూట్ల పెట్టిన. మిస్త్రీ నబీ సాబ్ వస్తే కారు కింద కుదుపులు ఆపే కమాన్ పట్టీలు కొత్తవి వేయించు. ఇన్నొద్దులు వద్దన్న, ఇగ అనను. బిజినేపల్లి వాగు కాడ వెనకనుంచి టక్‌టక్ వస్తున్నది, పాత పట్టీలు అరిగినయని నువ్వంటవు. అరిగితే మంచిదే.

నీ పెండ్లాం చెన్నమ్మను కాన్పుకు నాగర్‌కర్నూల్ దవాఖానకు తోలుకపోయిన నాడు గూడ గదే సప్పుడు. నువ్వు వనపర్తిల ఉంటివి. ఆమె పక్కన అమ్మ కూసున్నది గని, అమ్మకు చెవులు వినపడవాయె. పట్టీలే అనుకొని నేను ఇంకింత జోరుగ తోలిన. దవాఖాన చేరకముందే ఆమె పాణం పాయె.

నిన్న సీటు విప్పితే, నేను కూసుండే సీటు వెనక ఇనుప కడ్డీ కింద చెన్నమ్మ చేతిగాజుల ముక్కలు దొరికినయి. బావనని నా ముందర ఎన్నడు నోరు తెరవని పిల్ల. మెల్లగ తోలుమని గాజులతోని కడ్డీ కొట్టింది.

ఇప్పుడు ఎంత మెల్లగ తోలినా ఆ సప్పుడు ఆగుతలేదు.

ముక్కలు తాళం పక్కనే ఉన్నయి.

— అన్న భీమయ్య

పట్టీలు వేసినంక నువ్వే ఒకపారి వాగు దాటి చూడు. సప్పుడు రాకుంటే నాకు చెప్పు. వస్తే చెప్పకు.