కోట తలుపు మడతబందులు

గురువారం, రాత్రి

వీడియో గేమ్ కోసం కంప్యూటర్లో కడుతున్న పాత ఢిల్లీ నగర ద్వారం మూడు వారాలకు పూర్తయింది. కళ్లు మండుతున్నాయి. సాయంత్రం రైల్వే వ్యాగన్ షాపులో డ్యూటీ దిగి వచ్చిన నాన్న తెరలోకి తొంగిచూశాడు.

"మడతబందులు బయట పెట్టీసినావేటే? దుష్మన్ ఊడపీకీసి లోపలికి రాడేటి?"

"ఆటలో ఆ తలుపు తెరుచుకోదు నాన్నా. ఎవరు చూస్తారు?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. తాను బిగించిన ప్రతి వ్యాగన్ తలుపునూ మూడుసార్లు తెరిచి మూస్తే గాని వదలని మనిషి. ఏదో ఒకటి తిట్టినా బాగుండేది.

మా టీమ్ లీడర్ ఓకే చెప్పేశాడు కూడా. హాయిగా పడుకోవచ్చు. పడుకోలేక, మళ్లీ కూర్చుని మడతబందులన్నీ లోపలికి మార్చాను. ఇక అవి ఎవరికీ కనిపించవు. నడుం పట్టేసింది. అయినా, ఆటలో తెరుచుకోని ఆ తలుపును తెర మీద నేనే తిప్పి మూడుసార్లు తెరిచి మూశాను.