చీకటి గదిలో తొమ్మిదో తరగతి

అమ్మకు, పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది.

నేనూ, నీ అల్లుడూ కులాసా. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెల్లి రాసింది, మనసు కుదుటపడింది. నువ్వడిగిన మొదటిదానికి జవాబు: అవును, వేళకే తింటున్నాను. రెండోది, ఆ కాలి దెబ్బ సంగతి, తర్వాత చెబుతాను. ముందు మా బడి కబురు విను.

తొమ్మిదో తరగతికి కాంతి పాఠం మొదలుపెట్టాను. వెలుతురు బొత్తిగా లేకపోతే ఏమీ కనపడదంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. మేం వాగుడుకాయ అని పిలిచే పిల్ల లేచి, “కరెంటు పోయినప్పుడు చూడండి టీచర్, ముందు ఏమీ తెలీదు. కాసేపటికి మంచం, బీరువా అన్నీ కనిపిస్తాయి. కళ్ళు అలవాటు పడతాయంతే” అంది. కిటికీలోంచి ఎంతో కొంత వెలుతురు రాబట్టే కనిపిస్తాయని నేనన్నాను. వింటేగా? పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

సరే అని అటెండరు చేత ల్యాబు కిటికీలకు నల్లకాగితాలు అంటించి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కించాను. అందరం లోపల కూర్చున్నాం. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మెల్లగా గుసగుసలు ఆగిపోయాయి, ఊపిరులే వినిపించాయి. గదికి గోడలు లేనట్టు, మేమంతా ఎక్కడో నెమ్మదిగా తేలుతున్నట్టు అనిపించిందమ్మా.

“టీచర్, నా చెయ్యి కనిపిస్తోంది” అంది వాగుడుకాయ.

“మరి నేను ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు.”

“అసలు మీరెక్కడున్నారు?”

అందరూ నవ్వారు. తన చెయ్యి ఎక్కడుందో తనకు తెలుసు కనుక మనసే బొమ్మ గీసి చూపిస్తుందని చెప్పాను. నిజానికి నాకూ నా చెయ్యి కనిపించినట్టే ఉంది. అక్కడ ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. ఆ కాసేపూ పిల్లలకూ నాకూ తేడా లేదు.

తర్వాత అటెండరు తలుపు తీశాడు. పిల్లలకు గదంతా తిరిగొచ్చింది. నాకు నడిమి ముక్క మాత్రమే వచ్చింది. ఎదురుగా నల్లబల్ల కనిపిస్తుంది, పక్కనున్న బెంచీ కనిపించదు. కాలికి తగిలింది ఆ బెంచీయే.

కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. అంచుల నుంచి చూపు మూసుకొస్తోందట, ఆపే మందు లేదట. ఎన్నాళ్ళు పడుతుందో ఆయనా చెప్పలేనన్నాడు. నీ అల్లుడికి తెలుసు. నీకు రాయడానికే ఇన్నాళ్ళూ చేతులు రాలేదు. భయంగా ఉందమ్మా. అన్నీ అలవాటైపోతాయిలే అని మాత్రం రాయకు, ఆ మాట తప్పని క్లాసు మొత్తానికి నేర్పి వచ్చాను.

ఒకసారి రా. వచ్చినప్పుడు ఎప్పట్లా నా పక్కన చేరకు. ఎదురుగా కూర్చో.

ఇట్లు,
నీ రాకకై చూసే
నీ పెద్దది