నైరుతి కాలవ

2001 జూలై 8, ఆదివారం
పెరటి కాలవలో నీళ్ళు ఇవాళ కూడా కదల్లేదు. నిరుడు సిద్ధాంతి మాట విని నాన్న బాత్‌రూం కాలవను ఈశాన్యానికి తిప్పించాడు. మా స్థలం వాలు నైరుతికి. నీళ్ళకి వాస్తు తెలియదు, వాటం తెలుసు. ఈ మాటే నాన్నతో అన్నాను. నైరుతికి తిప్పితే ఇంటి యజమానికి గండమంట, నేను పోతే నీ పుస్తకాలు కూడు పెడతాయా అన్నాడు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన పాంప్లెట్ చూపించాను. నిలవ నీరు, దోమ, మలేరియా. దాన్ని సన్నగా చుట్టి చెవి గోక్కున్నాడు.

జూలై 10
అమ్మకి చలిజ్వరం.

జూలై 15
మిరప విత్తనాల కోసం నాన్న వినుకొండ వెళ్ళాడు. తాపీపని చేసే కోటేష్‌ని పిలిచాను. ట్రాన్స్‌పరెంట్ పైపులో నీళ్ళు పోసి ఇద్దరం లెవెల్ చూశాం. గోడ వెంట నైరుతికి తవ్వి వీధి కాలవలో కలిపాం. మలుపు దగ్గర ఒక గుంట తీశాం, అడుసు అందులో ఆగితే వారానికోసారి తోడెయ్యొచ్చు. మధ్యాహ్నానికల్లా నీళ్ళు పారాయి. ఒరేయ్, మీ నాన్న దిగేలోగా నేను చీరాల బస్సెక్కేస్తా అన్నాడు కోటేష్.

నాన్న వచ్చి చూశాడు. పూడ్చలేదు.

ఆగస్టు 5
అమ్మ తేరుకుంది. ఈశాన్యానికి తిప్పుకున్న వీధివాళ్ళంతా ఒక్కొక్కళ్ళే వచ్చి మా కాలవ చూసిపోయారు. నేను దగ్గరుండి అందరివీ తిప్పించాను. సైన్స్ గెలిచింది.

సెప్టెంబర్ 22
తెల్లవారినప్పటి నుంచీ వాన. రెబ్కా వచ్చింది. ఉండేది మా వీధికి దిగువన పాలెంలో, మా చేలో కలుపుకి వస్తుంది. గేటు దగ్గరే నిలబడి, మీ వీధి నీళ్ళన్నీ మా పొయ్యిలో ఉన్నాయండీ, ఇదివరకు మీ దొడ్లలోనే ఇంకి చచ్చేయి అంది అమ్మతో. నా వైపు తిరిగి, అబ్బాయిగారు మంచి వాటం తెచ్చారంట అంది. తప్పు పంచాయతీది అన్నాను. కోపంగానే అన్నాను. పంచాయతీ వచ్చి మా పొయ్యి తోడుద్దా బాబూ అంది.

సాయంత్రం 5
వెళ్ళి చూశాను. సిమెంటు కాలవ మా వీధి చివర ఆగిపోయింది. అవతల పాలెం. ఇళ్ళల్లో మోకాటిలోతు. రెబ్కా కూతురు జాస్మిన్ మంచమెక్కి బియ్యం బస్తాని వాటేసుకుని కూర్చుంది. నీళ్ళ మీద మా వీధి సబ్బు నురగ.

పాలెం దాటితే వాగు. మధ్యలో ఉన్నది ఒక్కటే చేను. మాది.

సెప్టెంబర్ 24
కాలవలు మూయమని ఇల్లిల్లూ తిరిగాను. తవ్వమందీ నువ్వే, మూయమనేదీ నువ్వేనా, నీ శాస్త్రం నెలకోసారి మారుద్దా అన్నారు. నాన్న కూడా మూయొద్దన్నాడు. ఇన్నాళ్ళకి నీళ్ళు సుబ్బరంగా పోతున్నాయట. అయితే మన చేలోంచి వాగుకి కాలవ తీద్దాం అన్నాను. మిరప నాటి నెలన్నా కాలేదు, చేలో గడ్డపార కనిపిస్తే కాళ్ళిరగ్గొడతా అన్నాడు.

సెప్టెంబర్ 27
పాలెం నుంచి కలుపుకి ఎవరూ రాలేదు. ఇళ్ళల్లో బురద తోడుకుంటున్నారు. చేలో నాన్న ఒక్కడే వంగి పీకుతున్నాడు.

సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 3
మబ్బు పట్టింది. గడ్డపార తీసుకుని చేలోకి దిగాను. నాన్న గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. అక్కడ కాదురా, ఆ పక్క సాలులో తవ్వు, అది ఎట్టాగూ తెగులొచ్చి పోయేదే అన్నాడు.