డోలీకి ముందు మనిషి

హుకుంపేట, మంగళవారం

ఇవాళ పొగమంచులో డోలీ ఎక్కి కొండ ఘాటీ దిగుతుంటే మబ్బులో తేలుతున్నట్టే ఉంది. ముందు ముసలి సోమ్రా, వెనక అతని అల్లుడు బుద్రు మోస్తున్నారు. వెనకవాడికి దారి కనపడదు. ముందువాడు ‘రాయి’, ‘గొయ్యి’ అని చెబితే వెనకవాడు అదే మాట తిరిగి పలుకుతాడు. నలభై ఏళ్లుగా నడిచిన దారి కదా, సోమ్రా చెప్పడం మానేశాడు.

ఉన్నట్టుండి బుద్రు నిలబడిపోయాడు. “మావా, ఆగు. నీళ్ల సప్పుడు దగ్గరకొచ్చేసింది.”

అడుగు దూరంలో దారి కొట్టుకుపోయి ఉంది.

ముసలాయన వెనక్కి వెళ్లి భుజం పెట్టాడు. “నువ్వు సెప్పు. నాను పలుకుతాను.” పక్కదారిన దిగినంతసేపూ ఆ గొంతు బడిపిల్లాడిలా పలుకుతూనే ఉంది.

రేపు పిల్లలకు వేయాల్సిన టీకా మందు రంగు మారిందని పొద్దున నా అసిస్టెంటు అంటే, ఇరవై ఏళ్ల సర్వీసు నాదని కసిరాను. ఇప్పుడు ఆ సీసాను దీపం దగ్గర పట్టుకుని చూస్తే నాకేం తేడా కనపడటం లేదు. అతన్ని లేపి అడగాలి...