మిరప కల్లంలో మెలికల ముగ్గు

"మీ అమ్మ నేర్పిన ఆటలేరా నిన్ను పాడుచేశాయి" అని నిన్న నాన్న అన్నాడు. అది తప్పమ్మా. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది నేను. జిన్నింగ్ మిల్లులో పని వద్దని, ట్రాక్టర్ ట్రక్కుల మీద బొమ్మలేసుకుంటానన్నదీ నేనే.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే కల్లానికి వెళ్లి నిలబడిపోయాను. ఎండబోసిన కాయని కాళ్లతో తిరగేస్తున్నాడు నాన్న. సాలు సాలుగా కాదు. నీలాగే పాదం ఈడుస్తూ మెలికల ముగ్గు వేస్తున్నాడమ్మా! నువ్వు వేస్తుంటే "పిచ్చి ముదిరిందే నీకు" అని గట్టు మీంచి అరిచే మనిషి! "ఇటు తిప్పితే ఏమవుద్దో చూద్దాం ఉండయ్యా" అనేదానివి నువ్వు.

నన్ను చూసి కూడా నాన్న మిల్లు మాట ఎత్తనే లేదు. మధ్యలో గీత చిక్కుపడితే, "ఏరా, ఇక్కణ్ణించి ఎటు తిప్పేది మీ అమ్మ? నీళ్లు తాగొస్తా, గుర్తు తెచ్చుకో" అని బోరు దగ్గరికి వెళ్లాడు. ఈలోపే ఫోన్లో నీకిది రాస్తున్నాను.

గుర్తు తెచ్చుకోవడానికేముంది? నువ్వు ఏ రోజూ ఒకేలా తిప్పలేదు. ఆ మాట ఈయనకి ఎలా చెప్పను? అదిగో, మూతి తుడుచుకుంటూ వచ్చేస్తున్నాడు. వెళ్లాలమ్మా.